ముందు పని, పనిలోనే శిక్షణ: అడ్డంకులున్న వారిని ఉద్యోగంలో నిలబెట్టే పద్ధతి

ఆరు నెలల కోర్సు, చేతికో సర్టిఫికెట్, ఆ తర్వాత ఉద్యోగం కోసం ఎదురుచూపు. వైకల్యం ఉన్నవారికి, మానసిక అనారోగ్యం నుంచి కోలుకుంటున్నవారికి, జైలు నుంచి విడుదలైనవారికి, చదువు అంతంతమాత్రంగా సాగినవారికి, ఏళ్ల తరబడి ఇంటిపట్టున ఉండి మళ్లీ పనికి రావాలనుకునే తల్లులకు శిక్షణ సంస్థలు ఎక్కువగా చూపించే దారి ఇదే. ఈ దారి ఎందుకు మధ్యలోనే ఆగిపోతుందో పని జరిగే చోట ఒక పూట నిలబడితే తెలుస్తుంది. తరగతి గదిలో నేర్చిన పని వేరు. అసలు చోట ఉండే శబ్దం, తొందర, సూపర్‌వైజర్ గొంతు, మరో రకం మెషీన్ మధ్య అదే పని చేయడం వేరు. ఒకచోట నేర్చినదాన్ని మరోచోట వాడటమే చాలామందికి కష్టం. మేధో వైకల్యం, ఆటిజం ఉన్నవారిలో ఈ ఇబ్బంది ఎక్కువ. వాళ్ల విషయంలో ఆ ఆరు నెలలూ నేల విడిచి సాము చేసినట్టే.

వరస తిప్పితే ఫలితం మారుతుంది. ముందు మనిషికి సరిపోయే అసలైన ఉద్యోగం, అసలైన జీతంతో. ఆ పని చేసే చోటే శిక్షణ. చేరాక నెలల తరబడి అండ. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో రాబర్ట్ డ్రేక్, డెబోరా బెకర్ తీవ్ర మానసిక అనారోగ్యం ఉన్నవారి కోసం రూపొందించిన ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ అండ్ సపోర్ట్ పద్ధతికి మూలసూత్రం ఇదే. తర్వాత అనేక దేశాల్లో జరిగిన పోలిక పరీక్షలను కలిపి చూస్తే, ఈ పద్ధతిలో సాయం అందినవారిలో సగానికి పైగా అందరూ పోటీపడే మామూలు ఉద్యోగాల్లో చేరారు. పాత పద్ధతుల్లో ఆ సంఖ్య నాలుగో వంతు దగ్గరే ఉండిపోయింది.

కింద రాసింది జాబ్ కోచ్‌గా (అంటే ఉద్యోగం చూసిపెట్టి, పని చోటే నేర్పి, చేరాక అండగా ఉండే మనిషి), ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌గా కొత్తగా పనిలో దిగేవారి కోసం. ఇంట్లోవాళ్లకు తామే ఉద్యోగం చూసిపెట్టాలనుకునే కుటుంబాలకూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

మనిషిని తెలుసుకోవడం: రెండు వారాలు చాలు

ఎదురుగా కూర్చోబెట్టి పరీక్ష పెట్టకండి. పూసలు గుచ్చించడం, రంగులు వేరుచేయించడం లాంటి పరీక్షల మార్కులు అసలు పనిలో ఎలా ఉంటారో చెప్పవు. దానికి బదులు మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి గంట చొప్పున, ఆఫీసు బయట కలవండి. ఒకసారి ఇంట్లో, ఒకసారి వాళ్లు రోజూ వెళ్లే చోట, ఒకసారి వాళ్లకు బాగా వచ్చిన పని చేస్తుండగా. ఇంట్లో తమ్ముడి సైకిల్ తనే బాగుచేసుకునే అబ్బాయి పరీక్ష గదిలో స్క్రూడ్రైవర్ పట్టుకోవడానికి తడబడవచ్చు. మీరు నమ్మాల్సింది ఇంట్లో చూసినదాన్ని.

రాసుకునేటప్పుడు రోగం పేరు, వైకల్యం శాతం దగ్గర ఆగిపోకండి. వాటిని పని భాషలోకి మార్చాలి. 'స్కిజోఫ్రీనియా' అని రాస్తే దాన్నిబట్టి ఏ నిర్ణయమూ తీసుకోలేం. 'రాత్రి మాత్ర మత్తు ఉదయం పది దాకా ఉంటుంది, ఆ తర్వాత ఆరు గంటలు చురుకుగా ఉంటారు' అని రాస్తే షిఫ్టు ఎలా ఉండాలో తేలిపోతుంది. 'మేధో వైకల్యం' బదులు 'మూడు అంచెల దాకా నోటితో చెబితే గుర్తుంటుంది, అంతకు మించితే బొమ్మ కావాలి'. 'మోకాలి సమస్య' బదులు 'నలభై నిమిషాలు నిలబడగలరు, తర్వాత పది నిమిషాలు కూర్చోవాలి'. 'నేర చరిత్ర' బదులు ఏ నేరం, ఎప్పుడు, ఇంకా ఏ షరతులున్నాయి, ఏ రోజు ఎవరి ముందు హాజరు కావాలి. ఆ హాజరు రోజు షిఫ్టుతో ఢీకొంటే మొదటి నెలలోనే ఉద్యోగం పోతుంది.

మూడు విషయాలు తేలేదాకా యజమానుల దగ్గరికి వెళ్లకండి. ఎలాంటి వాతావరణంలో వాళ్లు బాగుంటారు, ఏ పని మీద మనసుంది, ఆ సంస్థకు వాళ్ల వల్ల ఏం ఒరుగుతుంది. ఇష్టాన్ని తేలిగ్గా తీసుకోకండి. 'ఏదైనా పర్లేదండి' అనే జవాబు మర్యాద కోసమో భయంతోనో వచ్చినదే ఎక్కువ. 'ఏ పని మాత్రం వద్దు?' అని అడిగి చూడండి, జవాబు వెంటనే వస్తుంది. అక్కడి నుంచి వెనక్కి రావచ్చు.

గుర్తింపు కాగితాలు, బ్యాంకు ఖాతా, చదువు సర్టిఫికెట్ నకళ్లు మొదటి రోజే చూసుకోండి. పేరులో అక్షరం తేడా ఉంటే సరిచేయించడానికి వారాలు పడుతుంది. యజమాని రేపు రమ్మన్నప్పుడు ఆ తేడా కోసం ఎవరూ ఆగరు.

ఇంకొకటి, చాలామంది కోచ్‌లు వదిలేసేది. పింఛనో, వైద్య సాయమో అందుకుంటున్నవారు జీతం వస్తే అది ఆగిపోతుందని భయపడతారు. ఇంట్లోవాళ్లు ఇంకా ఎక్కువ భయపడతారు. ఆ భయాన్ని మాటలతో పోగొట్టలేం. ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు ఇప్పుడు నెలకు వచ్చేది, కుడివైపు జీతం వచ్చాక చేతిలో మిగిలేది లెక్క వేయండి. ఎన్ని గంటలు దాటితే ఏది తగ్గుతుందో, ఉద్యోగం పోతే ఎన్నాళ్లకు తిరిగి వస్తుందో సంబంధిత ఆఫీసులో అడిగి రాయండి. ఈ కాగితం లేకపోతే రెండో జీతం దగ్గర ఇంట్లోనే మాన్పించేస్తారు.

చెప్పాలా, వద్దా

తమ పరిస్థితిని యజమానికి చెప్పాలా వద్దా అనేది ఆ మనిషి నిర్ణయం. కోచ్‌ది కాదు, కన్నవాళ్లదీ కాదు. ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఏ మాటల్లో చెప్పాలి, ఏది చెప్పకూడదు అనే నాలుగూ కూర్చుని మాట్లాడుకుని కాగితం మీద పెట్టి సంతకం తీసుకోండి. అంగీకారం లేకుండా యజమానికి ఫోను కూడా చేయకండి. మీ సంస్థ పేరే గుట్టు బయటపెట్టవచ్చు. చెప్పవద్దంటే మీరు తెరవెనుక ఉండి సాయం చేయవచ్చు: పని అయ్యాక కలవడం, ఇంటర్వ్యూకు సాధన చేయించడం, ప్రయాణం నేర్పడం. అయితే పని చోటికి వచ్చి పక్కన నిలబడి నేర్పడం అప్పుడు కుదరదని ముందే చెప్పండి.

చెప్పాలనుకుంటే రోగం పేరు అవసరం లేదు. అవసరమేమిటో చెబితే చాలు. 'నోటితో చెప్పిన పని కొన్నిసార్లు మరిచిపోతాను, రాసిస్తే తప్పు జరగదు.' యజమానికి కావలసింది అంతే.

జైలు గతం సంగతి వేరు. అడిగినప్పుడు అబద్ధం చెబితే తర్వాత ఆ అబద్ధమే ఉద్యోగం తీసేయడానికి కారణమవుతుంది. జవాబు అర నిమిషంలో ముగియాలి. ముందు వాస్తవం, తర్వాత మార్పు, ఆఖరుకు పని. 'నాలుగేళ్ల క్రితం ఒక కేసులో శిక్ష పడింది సార్, పూర్తయింది. అక్కడే వైరింగ్ నేర్చుకున్నాను, వచ్చాక ఒక కాంట్రాక్టరు దగ్గర ఎనిమిది నెలలు చేశాను, ఆయన మాట్లాడతానన్నారు. మీ దగ్గర ప్యానెల్ బోర్డుల పని ఉందని వచ్చాను.' ఆ రోజు ఏం జరిగిందో, తప్పు ఎవరిదో వివరించడం మొదలుపెడితే ఇంటర్వ్యూ విచారణగా మారుతుంది. ఈ మూడు వాక్యాలు మనిషి సొంత మాటల్లో ఉండాలి. కనీసం పదిసార్లు పైకి పలికించండి, ఒక్కోసారి ఒక్కో రకంగా మీరే అడుగుతూ.

యజమాని దగ్గరికి మూడుసార్లు

ప్రకటన చూసి బయోడేటా పంపడం అందరూ చేసేదే. ఆ వరుసలో మీ అభ్యర్థి ఎప్పుడూ వెనకే ఉంటాడు. అతణ్ని ముందుకు తెచ్చేది యజమానితో మీకున్న పరిచయం. ఇండివిడ్యువల్ ప్లేస్‌మెంట్ పద్ధతిలో ఒక కోచ్ వారానికి కనీసం ఆరుసార్లు యజమానులను నేరుగా కలవాలన్నది కొలమానం. కొత్త అభ్యర్థి మీ దగ్గరికి వచ్చిన 30 రోజుల్లో అతని తరఫున మొదటి యజమానిని కలిసి ఉండాలి. ఆలస్యమైతే అభ్యర్థి నమ్మకం సడలుతుంది, కలవడానికి రావడం మానేస్తాడు.

మొదటిసారి ఉద్యోగం అడగకండి. 'సార్, ఇవాళ ఎవరినీ పెట్టుకోమని అడగడానికి రాలేదు. మీ దగ్గర ఏయే పనులుంటాయి, ఎలాంటివాళ్లు నిలుస్తారు అన్నది తెలిస్తే రేపు సరైన మనిషిని తీసుకురాగలను. ఒక పావుగంట వీలు చూడండి.' అన్నది పావుగంటే అయితే పావుగంటకే లేవండి. ఆ మాట నిలబెట్టుకోవడమే మీ గురించి వాళ్లకు తెలిసే మొదటి విషయం.

రెండోసారి పని చూడండి. అడగాల్సింది ఖాళీల గురించి కాదు, ఇబ్బందుల గురించి. ఏ పని ఎప్పుడూ పెండింగులో పడుతుంది? ఎక్కువ జీతం తీసుకునేవాళ్లు ఏ చిన్న పనితో సమయం పోగొట్టుకుంటున్నారు? ఏ సీటులో మనుషులు తరచూ మారుతున్నారు, ఎందుకు? ఆసుపత్రిలో నర్సులు రోజూ గంటసేపు ట్రేలు సర్దుతుండవచ్చు. గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడే దిగి లేబుళ్లు అంటిస్తుండవచ్చు. ఇలాంటి ముక్కలు ఏరి కలిపితే ఇంతవరకు లేని ఒక ఉద్యోగం తయారవుతుంది. బండి నడపడం, లెక్కలు, కస్టమర్లతో మాటలు అన్నీ కలిసిన ఉద్యోగంలో మీ అభ్యర్థి ఒక్కదానికి పనికిరాకపోయినా మొత్తానికి పనికిరాడంటారు. పనిని విడదీసి అమర్చితే ఆ చిక్కు పోతుంది.

మూడోసారి ఒక పేజీ ప్రతిపాదన, ఒక్క పేరు. ముగ్గురి బయోడేటాలు పట్టుకెళ్లి ఎవరైనా పర్లేదంటే మీరు మనిషిని ఎంచి తేలేదని అర్థమైపోతుంది. పేజీలో ఉండాల్సినవి: చేసే పనులు, రోజులు, గంటలు, దానివల్ల ఎవరి సమయం ఎంత మిగులుతుంది, మీరు ఎన్ని వారాలు పక్కన ఉంటారు, సమస్య వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి. ఇంటర్వ్యూలో మాట తడబడేవారైతే ఇంటర్వ్యూ బదులు పని చేయించి చూడమని అడగండి. రెండు మూడు గంటలు చాలు. వారాల తరబడి జీతం లేకుండా 'ట్రయల్' అంటే ఒప్పుకోకండి. ఆ పేరుతో ఊరికే పని చేయించుకుని మరొకరిని పిలిచే చోట్లు ఉన్నాయి. జీతం పక్క సీటులో అదే పని చేసేవారికి ఎంతో అంతే.

జాలి మాటలు వద్దు. 'పాపం, మీరు అవకాశమిస్తే పుణ్యం' అని తెచ్చిన ఉద్యోగం మొదటి తప్పుకే పోతుంది. పోకుండా ఉన్నా మరో ప్రమాదం: జాలితో పెట్టుకున్నవాళ్లు పని నేర్పరు, ఒక మూల కూర్చోబెడతారు. నెల తిరక్కముందే ఆ మనిషి తనంతట తనే మానేస్తాడు. అతిగా పొగడటమూ అంతే చేటు. 'తప్పే చేయడు' అనకండి. 'మొదటి రెండు వారాలు నెమ్మదిగా ఉంటుంది, ఆ రోజుల్లో పని లోటు రాకుండా పక్కన నేనుంటాను' అనండి.

పని చోటు కొలుచుకుని రావడం

చేరే రోజుకు ముందే ఒక షిఫ్టు మొత్తం అక్కడ గడపండి. వీలైతే ఆ పని మీరే చేయండి. చేతులు నొప్పి పెట్టేదాకా చేస్తేగాని ఎక్కడ చిక్కుందో బోధపడదు. చేతిలో టేపు ఉండాలి. వీల్‌చెయిర్ వాడేవారికి తలుపు తెరిచాక ఖాళీ కనీసం 80 సెంటీమీటర్లకు పైన ఉండాలి, 90 అయితే హాయి. కుర్చీ పూర్తిగా తిరగడానికి 150 సెంటీమీటర్ల వ్యాసమున్న ఖాళీ నేల కావాలి. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు: గడప ఎత్తు 30 సెంటీమీటర్లయితే ర్యాంపు పొడవు 3.6 మీటర్లు. 'ఇక్కడ ర్యాంపు ఉందండి' అన్నా మీరు కొలవండి. లగేజీ ట్రాలీ కోసం కట్టినది చాలాసార్లు మనిషి ఎక్కలేనంత నిటారుగా ఉంటుంది. పనిచోటికి దారి బాగానే ఉండి టాయిలెట్ తలుపు ఇరుకైతే ఉద్యోగం లేనట్టే. అందుకే మొదట టాయిలెట్ చూడండి.

సర్దుబాట్లలో చాలావాటికి డబ్బే అవసరం లేదు, కొన్నిటికి కొద్దిగా చాలు. షిఫ్టు గంట ఆలస్యంగా మొదలుపెట్టడం, నోటితో చెప్పేది వాట్సాప్‌లో రాయడం, సీటు తలుపు దగ్గర నుంచి గోడ వైపు మార్చడం, చెవులకు శబ్దం తగ్గించే ఇయర్‌మఫ్‌లు, వినికిడి లోపం ఉన్నవారికి అలారంతో పాటు వెలిగే లైటు. అడిగేటప్పుడు ఒకటి రెండు, కచ్చితంగా. 'అతనికి అనుకూలంగా చూడండి' అంటే యజమాని ఏం చేయాలో తెలియక ఏమీ చేయడు.

పనిని ముక్కలు చేసి నేర్పడం

1970లలో మార్క్ గోల్డ్ అనే అమెరికన్ పరిశోధకుడు, ఏ పనీ నేర్చుకోలేరని అందరూ వదిలేసిన మేధో వైకల్యం ఉన్నవారికి పదికి పైగా విడిభాగాలున్న సైకిల్ బ్రేకు బిగించడం నేర్పి చూపించాడు. విడిభాగాలకు ఒకవైపు రంగు వేసి, రంగు తమ వైపు ఉండేలా పెట్టుకోమంటే ఇంకా త్వరగా నేర్చుకున్నారు. నేర్చుకోలేకపోతే తప్పు నేర్పే పద్ధతిదని ఆయన వాదన. ఈ రంగంలో పనిచేసే ఎవరికైనా ఇంతకన్నా అక్కరకొచ్చే మాట లేదు.

పనిని అంచెలుగా విడగొట్టడంతో మొదలుపెట్టండి. ఉదాహరణకు గోదాములో ఆర్డరు ప్యాక్ చేయడం:

1. ఆర్డరు కాగితం తీసి బల్ల మీద ఎడమవైపు పెట్టాలి.
2. కాగితం పైన ఉన్న పెట్టె నంబరు చూడాలి.
3. అదే నంబరున్న అరలోంచి మడత అట్టపెట్టె తీయాలి.
4. నాలుగు మూలలూ తెరిచి తలకిందులుగా నిలబెట్టాలి.
5. చిన్న రెక్కలు ముందు, పెద్ద రెక్కలు తర్వాత మూయాలి.
6. అతుకు పొడవునా టేపు వేయాలి, రెండు చివర్లా నాలుగు వేళ్ల వెడల్పు కిందికి దిగాలి.
7. పెట్టెను తిప్పి నిలబెట్టాలి.
8. కాగితంలో ఒక్కో వరుస చూసి, ఆ వస్తువు పెట్టెలో పెట్టి, వరుస పక్కన టిక్కు పెట్టాలి.
9. ఖాళీల్లో కాగితం కుక్కి, పెట్టె ఊపి చూడాలి. లోపల ఏదీ కదలకూడదు.
10. పై రెక్కలు మూసి టేపు వేయాలి.
11. లేబుల్ పైభాగం కుడి మూలలో అంటించాలి.
12. పెట్టె బెల్టు మీద, కాగితం ట్రేలో వేయాలి.

పన్నెండు అంచెలు ఒకరికి ఎక్కువ, మరొకరికి తక్కువ. ఎనిమిదో అంచె చూడండి. చదవడం రాని మనిషికి అది ఒక్క అంచె కాదు, నాలుగు: వరుస మీద స్కేలు పెట్టడం, వస్తువు కోడ్‌లో ఆఖరి మూడు అంకెలు చూడటం, అరలో అవే అంకెలు వెతకడం, వస్తువు మీద అంకెలతో సరిపోల్చడం. ఎక్కడ ఆగిపోతారో అక్కడ అంచెను ఇంకా చీల్చాలి.

నేర్పేటప్పుడు పక్కనో కొంచెం వెనకో నిలబడండి. ఎదురుగా నిలబడితే పని వైపు కాకుండా మీ ముఖం వైపు చూస్తారు. ప్రతి అంచె దగ్గరా మూడు నుంచి ఐదు సెకన్లు ఊరుకోండి. కొత్త కోచ్‌లకు అన్నిటికన్నా కష్టమైనది ఇదే, ఆ మౌనం భరించలేక చెప్పేస్తారు. ఆగినా కదలకపోతే వేలితో చూపండి. చాలకపోతే మాటతో చెప్పండి. అదీ చాలకపోతే మీరు ఒకసారి చేసి చూపండి. చేయి పట్టుకుని చేయించడం ఆఖరిది, అనుమతి అడిగాకే. మాటకన్నా సైగను ముందు పెట్టడానికి కారణం ఉంది. సైగను కొద్దికొద్దిగా చిన్నది చేసుకుంటూ పోవచ్చు. మాటకు అలవాటుపడితే మీ గొంతు వినపడేదాకా చేయి కదలదు.

బ్లేడు, వేడి, కదిలే మెషీన్ ఉన్నచోట ఈ వరస తిరగేయాలి. తప్పు జరిగే అవకాశం ఇవ్వకుండా మొదట పూర్తి సాయంతో మొదలుపెట్టి, క్రమంగా తగ్గించుకుంటూ రావాలి. అసలు భయస్తులైతే ఆఖరి అంచె నుంచి నేర్పండి. పదకొండు అంచెలు మీరు చేసి, పెట్టెను బెల్టు మీద పెట్టడం మాత్రం వాళ్లతో చేయించండి. పని పూర్తిచేశామన్న తృప్తి మొదటి గంటలోనే దక్కుతుంది. మర్నాడు రెండు అంచెలు, ఆ తర్వాత మూడు.

ప్రతి షిఫ్టుకూ ఒక నిలువు గడి ఉన్న కాగితం పెట్టుకోండి. ప్రతి అంచె ఎదుట స్వయంగా చేస్తే 'స్వ', సైగ కావాల్సొస్తే 'సై', మాటకు 'మా', చూపిస్తే 'చూ', చేయి పడితే 'చే'. మూడు రోజులు నింపాక అడ్డంగా చూడండి. ఆరో అంచె దగ్గర మూడు రోజులూ 'మా' ఉంటే ఇంకా గట్టిగా చెప్పడం వల్ల ఉపయోగం లేదు. బల్ల అంచున టేపు పొడవుకు ఒక రంగు గీత గీయండి. మర్నాటి నుంచి అక్కడ 'స్వ' పడటం మొదలవుతుంది. అంచె మార్చాలి, పరికరం మార్చాలి, సరంజామా పెట్టే చోటు మార్చాలి. ఇవన్నీ అయ్యాకే ఈ పని ఈ మనిషికి కుదరదేమో అనుకోవాలి.

వరుసగా మూడు షిఫ్టులు అన్ని గడుల్లో 'స్వ' వస్తే ఐదు మీటర్లు వెనక్కి జరగండి. మరో రెండు షిఫ్టులు నిలిస్తే కనపడనంత దూరం. తర్వాత షిఫ్టు మొదట్లో, చివర్లో మాత్రమే రండి. వేగం గురించి అప్పుడు మొదలుపెట్టండి, ముందు కాదు. తప్పులు పోకముందే వేగం పెంచితే తప్పులు కూడా వేగంగా వస్తాయి. కొలత కోసం అదే పని చేసే మామూలు ఉద్యోగిని మూడుసార్లు గడియారం పెట్టి చూసి సగటు తీయండి. అందరికన్నా వేగంగా చేసేవాణ్ని కొలతగా తీసుకుంటే అది ఎవరికీ అందదు.

చేరాక తొంభై రోజులు

పని రాకపోవడం వల్ల పోయే ఉద్యోగాలకన్నా పని చుట్టూ ఉన్నవాటి వల్ల పోయేవి ఎక్కువ. బస్సు తప్పిపోవడం, రాలేనప్పుడు ఫోన్ చేయకపోవడం, భోజన విరామంలో ఒంటరిగా ఉండిపోవడం, సూపర్‌వైజర్ మందలిస్తే మర్నాడు రాకపోవడం. అందుకని ఇవీ పని అంచెల్లాగే నేర్పాల్సినవే.

ప్రయాణం చేరడానికి ముందే, అదే సమయానికి, మూడుసార్లు చేయించండి. మొదటిసారి పక్కన, రెండోసారి అదే బస్సులో వెనక సీట్లో, మూడోసారి దిగే చోట ఎదురుచూస్తూ. బస్సు దాటిపోతే ఏం చేయాలో కూడా ఒకసారి కావాలనే దాటిపోనిచ్చి నేర్పండి. సెలవు ఫోన్ ఎవరికి, షిఫ్టుకు ఎంత ముందు, ఏ మాటలు అన్నది చిన్న చీటీలో రాసి ఫోన్ కవరు వెనక పెట్టండి.

మీరు కలవాల్సిన లెక్క ఇలా ఉండాలి. చేరే ముందు వారంలో ఒకసారి, చేరిన మూడు రోజుల్లోపు ఒకసారి, మొదటి నెలంతా వారానికొకసారి తప్పకుండా, ఆ తర్వాత కనీసం నెలకొకసారి, ఏడాదో అంతకన్నా ఎక్కువో. ఇది పని చోట పక్కన ఉండి నేర్పే రోజులకు అదనం. సూపర్‌వైజర్‌తో విడిగా ఐదు నిమిషాలు మాట్లాడండి. 'ఎలా చేస్తున్నాడు?' అంటే 'పర్లేదు' అంటారు. 'ఈ వారం ఏది మళ్లీ చేయించాల్సొచ్చింది?' అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది.

కోచ్ ఎక్కువ కాలం పక్కనే ఉంటే మరో తంటా. తోటివాళ్లు ఏదున్నా కోచ్‌కే చెబుతారు, మనిషితో నేరుగా మాట్లాడరు. కోచ్ వెళ్లిన రోజు ఆ మనిషి ఒంటరి. మొదటి రోజు నుంచే ఎవరైనా మిమ్మల్ని అడిగితే 'మీరే అడగండి, చెబుతారు' అని పక్కకు తప్పుకోండి. సహజంగా కలివిడిగా ఉండే తోటి ఉద్యోగి ఒకరు ఎక్కడైనా ఉంటారు. టీ విరామంలో వాళ్ల పక్కన చోటు దొరికేలా చూడండి. 'మీరు ఇతన్ని చూసుకోవాలి' అని అధికారికంగా అప్పగించకండి, ఆ స్నేహం బరువవుతుంది.

మూడు సందర్భాల్లో తప్పక వెళ్లండి. మొదటి జీతం వచ్చిన వారం, ఇంట్లో డబ్బు గొడవలు మొదలయ్యేది అప్పుడే. సూపర్‌వైజర్ మారిన రోజు, కుదుర్చుకున్న సర్దుబాట్లన్నీ పాత మనిషి తలలోనే ఉండిపోతాయి కాబట్టి. షిఫ్టు, మెషీన్, సీటు మారినప్పుడు, పాత గడుల కాగితం మళ్లీ తీసి ఏ అంచెలు మారాయో చూసి అంతవరకే కొత్తగా నేర్పాలి.

ఉద్యోగం పోతే

కొన్ని పోతాయి. పోయిన వారంలోపే కలవండి. ఆలస్యమైతే 'నా వల్ల కాదు' అన్న మాట లోపల గట్టిపడిపోతుంది. యజమానిని కూడా కలిసి కారణం సూటిగా అడగండి, వాదించకండి. ఆ యజమానే మరొకరికి తలుపు తెరవవచ్చు. కారణాన్ని మొదట రాసుకున్న పేజీ పక్కన పెట్టి చూడండి: శబ్దమా, గంటలా, మనుషులా, పని రకమా. ఆరు వారాలు పనిచేసి మానేసిన మనిషి గురించి ఇప్పుడు మీకు తెలిసినంత ఏ పరీక్షా చెప్పలేదు. తర్వాతి ఉద్యోగం వెతకడం ఆ కారణం నుంచే మొదలుపెట్టాలి. మానేయాల్సొస్తే ఎలా మానేయాలో కూడా నేర్పండి. ముందుగా చెప్పడం, తాళాలు, కార్డు అప్పగించడం, అనుభవ పత్రం అడిగి తీసుకోవడం. చెప్పకుండా మాయమైతే తర్వాతి చోట ఆ ఆరు వారాల అనుభవం చెప్పుకోవడానికి వీలుండదు.

ఏది లెక్కపెట్టాలి

మీ సంస్థ రిజిస్టరులో ఎంతమందికి శిక్షణ, ఎంతమందికి ఆఫర్ లెటర్ అన్న గడులే ఉంటే మీ పని కూడా అటే జారుతుంది. చేరినవారిలో 30వ రోజు, 90వ రోజు, 180వ రోజు, ఏడాదికి ఎంతమంది పనిలో ఉన్నారో నాలుగు గడులు చేర్చండి. పక్కన వారానికి ఎన్ని గంటలు, జీతం అదే పని చేసేవారితో సమానమా అన్నవి రాయండి. కష్టమైన కేసులు తీసుకోకుండా తేలికైనవారినే చేర్చుకుంటే అంకెలు బాగుంటాయి. అందుకని వచ్చినవారిలో ఎంతమందిని 'ఇంకా సిద్ధంగా లేరు' అని వెనక్కి పంపారో కూడా ఒక గడిలో రాయాలి. ఆ అంకె సున్నాకు దగ్గరగా ఉండాలి.

ఒక కోచ్ దగ్గర 20 మందికి మించి ఉండకూడదు. పని చోట పక్కన నిలబడి నేర్పాల్సినవారు ఎక్కువగా ఉంటే పది మంది కూడా ఎక్కువే. నిధులిచ్చేవారు ఒక కోచ్‌కు యాభై మందిని అడిగితే, పైన చెప్పిన వారం లెక్కలు గంటల్లో వేసి వాళ్ల ముందు పెట్టండి. ఆరుగురు యజమానులను కలవడానికి, నలుగురి పక్కన షిఫ్టుల్లో నిలబడటానికి, మిగతావారిని నెలకొకసారైనా చూడటానికి, దారి ప్రయాణాలకు కలిపి వారం ఎంత పడుతుందో ఆ కాగితమే చూపిస్తుంది.